అనుమానం ఉన్న ఆన్‌లైన్ షాపుకి డబ్బు కట్టేశాక ఏం చేయాలి? చీరల ప్రకటన చూసి మోసపోయానేమో అన్న ప్రశ్నకు సమాధానం

అన్నిటికంటే ముందు, ఈరోజు మీకు వచ్చిన "అడ్రస్ దొరకలేదు, మళ్లీ డెలివరీకి 25 రూపాయలు కట్టండి" అనే మెసేజ్‌లోని లింకు నొక్కకండి. ఇప్పటికే నొక్కి ఉంటే అక్కడ కార్డు నంబరు గానీ యూపీఐ పిన్ గానీ కొట్టకండి. ఏదైనా యాప్ దించుకోమంటే దించుకోకండి. మిగతా సమాధానం తీరిగ్గా చదవొచ్చు.

ఇదే ఇబ్బందిలో ఉండి చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీరు బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నారు. "షాపు ఎత్తేస్తున్నాం, మంగళగిరి పట్టు చీరలు సగం ధరకే" అనే తెలుగు ప్రకటన ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి అమ్మ కోసం రెండు చీరలకు 2,998 రూపాయలు కట్టారు. మొదట డెబిట్ కార్డుతో కడితే, ఓటీపీ కొట్టాక "పేమెంట్ ఫెయిల్" అని వచ్చింది. తర్వాత అదే పేజీలో కనిపించిన క్యూఆర్ కోడ్‌కి యూపీఐలో పంపారు. నాలుగు రోజులైంది. వాట్సాప్‌లో అడిగితే "షిప్ అయింది మేడమ్, 7 నుంచి 10 రోజులు ఓపిక పట్టండి" అంటున్నారు. వాళ్లిచ్చిన ట్రాకింగ్ నంబరు ఏ కొరియర్ సైట్‌లోనూ కనబడటం లేదు. ఇది మోసమేనా, ఇంకో వారం ఆగి చూడాలా, మూడు వేల కోసం పోలీసుల దాకా వెళ్లాలా అని అడిగారు.

నేను బెంగళూరులోనే ఒక బ్యాంకులో కార్డు, యూపీఐ ఫిర్యాదులు చూసే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఒక్క రోజు కూడా ఆగొద్దనే చెప్తాను. ఇలాంటి షాపులు "7 నుంచి 10 రోజులు" అని ఊరికే అనవు. మీరు పార్శిల్ కోసం ఎదురుచూసే ఆ రోజుల్లోనే మీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారి, అక్కడి నుంచి ఏటీఎంలో నగదుగా బయటికి వెళ్లిపోతుంది. వాళ్లకు కావలసింది మీ మౌనమే. రేపొకవేళ నిజంగా చీరలు వచ్చి, బాగానే ఉంటే ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చు. ఆలస్యం చేసి పోగొట్టుకున్న రోజులు మాత్రం తిరిగి రావు.

మొదట మీ కార్డు సంగతి. డబ్బు పోయింది యూపీఐలో కాబట్టి మీరు దాని గురించే టెన్షన్ పడుతున్నారు. నాకు కార్డు గురించే ఎక్కువ బెంగగా ఉంది. "ఫెయిల్" అని చూపించినా మీరు కొట్టిన కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ వాళ్ల చేతిలో పడ్డాయి. ఫోన్‌లో ఆ రోజు వచ్చిన ఓటీపీ మెసేజ్ మళ్లీ తెరిచి పూర్తిగా చదవండి. అందులో ఆరు అంకెలే కాదు, ఎంత మొత్తానికి, ఏ పేరు మీద ఆ ఓటీపీ వచ్చిందో కూడా ఉంటుంది. ఈ మధ్య ఫోనే ఓటీపీని తీసి గడిలో నింపేస్తోంది కాబట్టి చాలామంది ఆ మెసేజ్ చదవడమే మానేశారు. 2,998 అని కాకుండా వేరే మొత్తం ఉన్నా, సంబంధం లేని పేరు ఉన్నా బ్యాంకుకి వెంటనే చెప్పాలి. స్టేట్‌మెంట్ కూడా తీసి చూడండి.

తర్వాత బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కి వెళ్లి అంతర్జాతీయ లావాదేవీలు, ఆన్‌లైన్ లావాదేవీలు రెండూ ఆపేయండి. రిజర్వ్ బ్యాంకు ఆదేశం వల్ల 2020 అక్టోబరు నుంచి ఇలా ఆపుకునే, తెరుచుకునే సౌకర్యం అన్ని బ్యాంకుల కార్డులకూ ఉంది. మన దేశపు సైట్లలో కడితే ఓటీపీ అడుగుతుంది. విదేశీ సైట్లలో చాలావాటికి ఆ అవసరం లేదు, కార్డు నంబరు, సీవీవీ ఉంటే సరిపోతుంది. ఇలా దొరికిన కార్డులను వాళ్లు వాడుకునేది అక్కడే. సెట్టింగ్స్ ఆపాక కార్డు పూర్తిగా బ్లాక్ చేసి కొత్తది తెప్పించుకోండి. కొంచెం ఖర్చు, కొన్ని రోజుల ఇబ్బంది ఉంటాయి, అయినా చేయండి.

ఇకమీదట మీకు తెలియకుండా ఆ కార్డు మీద ఏదైనా కోత పడితే, రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశం మీకు రక్షణ. తప్పు మీది గానీ బ్యాంకుది గానీ కాని అనధికార లావాదేవీని, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెప్తే కస్టమర్ మీద భారం పడదు. బ్యాంకు పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. అయితే ఇదే నియమాన్ని మీరు యూపీఐలో పంపిన 2,998కి చూపించి బ్యాంకుతో వాదించకండి. అది మీరే పిన్ కొట్టి పంపిన డబ్బు, ఈ నియమం కిందికి రాదు. వాట్సాప్ గ్రూపుల్లో "మూడు రోజుల్లో చెప్తే మొత్తం వెనక్కి వస్తుంది" అని తిరిగే సలహాలో ఈ తేడా ఎవరూ చెప్పరు. జనం ఆశపడి బ్యాంకుకి వెళ్లి నిరాశతో తిరిగొస్తారు.

ఇప్పుడు ఆ యూపీఐ డబ్బు సంగతి చూద్దాం. యాప్‌లో ఆ పేమెంట్ తెరవండి. అందులో మూడు విషయాలు ముఖ్యం: ఆ లావాదేవీని గుర్తించే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు, అవతలివాళ్ల యూపీఐ ఐడీ, ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఆ పేరు. మీరు పంపిన ఫోటోలో వెబ్‌సైట్ మీద ఒక సిల్క్స్ షాపు పేరు ఉంది, డబ్బు అందుకున్నది మాత్రం ఒక వ్యక్తి. చీరల కంపెనీ అని చెప్పుకున్న చోట ఏదో ఒక మనిషి సొంత ఖాతాకి డబ్బు వెళ్లిందంటే, అది చాలాసార్లు కమీషన్ కోసం అద్దెకిచ్చిన ఖాతా. వీటినే మ్యూల్ ఖాతాలంటారు. ఆ పేరున్న మనిషికి చీరల సంగతే తెలియకపోవచ్చు. అందుకని ఆ పేరు పట్టుకుని ఫేస్‌బుక్‌లో వెతికి ఎవరినో తిట్టే పని పెట్టుకోకండి.

ఈ వివరాలు దగ్గర పెట్టుకుని 1930కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర హోం శాఖ కింద ఉన్న సైబర్ నేరాల సమన్వయ కేంద్రం నడిపే వ్యవస్థలోని నంబరు. అవతల ఫోన్ ఎత్తేది మీరున్న రాష్ట్రపు పోలీసు సిబ్బంది. యూటీఆర్ చెప్పగానే డబ్బు చేరిన బ్యాంకుకి సమాచారం వెళ్తుంది, ఆ ఖాతాలో మిగిలిన మేరకు మొత్తాన్ని కదలకుండా ఆపుతారు. డబ్బు ఇంకో బ్యాంకుకి మారి ఉంటే అక్కడికీ సమాచారం పంపుతారు. లైన్ దొరకకపోతే మళ్లీ మళ్లీ చేయండి, ఆలోగా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఆర్థిక మోసం విభాగం కింద మీరే ఫిర్యాదు పెట్టండి. ఫోన్‌లో చెప్పినా పోర్టల్‌లో వివరాలు పూర్తి చేయమంటారు, దాన్ని మర్నాటికి వాయిదా వేయకండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు జాగ్రత్తగా దాచుకోండి.

నాలుగు రోజులు గడిచాయి కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను, మొత్తం దొరుకుతుందని నేను మాటివ్వలేను. మొదటి గంటలో చెప్పినదానికీ నాలుగో రోజు చెప్పినదానికీ చాలా తేడా ఉంటుంది. కానీ "చిన్న మొత్తం, వదిలెయ్" అన్న మీ రూమ్మేట్ల మాట మాత్రం వినకండి. ఇలాంటి షాపులు ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు వేలే తీసుకునేది, ఆ మొత్తానికి ఎవరూ ఫిర్యాదు చేయరన్న ధైర్యంతోనే. ఒకే యూపీఐ ఐడీ మీద నాలుగు ఊళ్ల నుంచి ఫిర్యాదులు పడితే ఆ ఖాతా మూతపడే అవకాశం ఉంటుంది. మీ తర్వాత అదే ప్రకటన చూసే ఇంకో అమ్మాయి డబ్బు మిగులుతుంది.

పోలీసులకు చెప్పాక మీ బ్యాంకుకీ, యూపీఐ యాప్‌కీ విడివిడిగా చెప్పాలి. యాప్‌లో ఆ పేమెంట్ కిందే ఫిర్యాదు చేసే చోటు ఉంటుంది. బ్యాంకుకి మాత్రం ఫోన్‌లో మాటతో సరిపెట్టకుండా ఈమెయిల్‌లోనో యాప్‌లోనో రాతపూర్వకంగా పెట్టి నంబరు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి, ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, అప్పుడు ఈ రాత, ఈ నంబరు అవసరమవుతాయి. అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు తన పని సరిగ్గా చేసిందా లేదా అన్నది మాత్రమే, చీరలమ్మినవాడి సంగతి అక్కడ తేలదు.

కార్డుతో డబ్బు నిజంగానే కట్టేసినవాళ్లకు ఒక మంచి దారి ఉంది, చార్జ్‌బ్యాక్. ఇది నేను రోజూ చేసిన పని కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. డబ్బు కట్టాం, వస్తువు రాలేదు, లేదా చెప్పిన వస్తువు కాకుండా వేరేది వచ్చింది అని మీ బ్యాంకుకి డిస్ప్యూట్ పెడితే, బ్యాంకు కార్డు నెట్‌వర్క్ ద్వారా అవతలి వ్యాపారి బ్యాంకుని అడుగుతుంది. వస్తువు అందించినట్టు వ్యాపారి రుజువు చూపలేకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో ఇలాంటి ఫిర్యాదులకు సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది, కానీ మీ బ్యాంకు అంతకంటే ముందే పెట్టమనొచ్చు.

మా విభాగానికి వచ్చిన ఫిర్యాదుల్లో గెలవాల్సినవి కూడా ఒకే కారణంతో ఓడిపోవడం చాలాసార్లు చూశాను. ఫారంలో "ఈ లావాదేవీ నేను చేయలేదు" అన్న గడిలో టిక్ పెట్టేవారు. మోసపోయాం కదా, అలా రాస్తేనే బ్యాంకు పట్టించుకుంటుందని ఎవరో చెప్పేవారు. బ్యాంకు చూస్తే ఓటీపీ సరిగ్గా కొట్టినట్టు రికార్డు ఉంటుంది, ఫిర్యాదు అక్కడితో మూసేస్తారు. మళ్లీ తెరిపించి "లావాదేవీ నాదే, వస్తువు రాలేదు" అంటే మాట మార్చినట్టు అవుతుంది. అందుకే నిజమే రాయండి: నేనే కట్టాను, ఫలానా తేదీకి ఇస్తామన్నారు, ఇవ్వలేదు, ఫలానా రోజు అడిగితే ఇలా అన్నారు. దాంతోపాటు ప్రకటన ఫోటో, ఆర్డర్ వివరాలు, డబ్బు వెనక్కి ఇవ్వమని మీరు పంపిన మెసేజ్ జతచేయండి. నాసిరకం వస్తువు వచ్చిన కేసుల్లో దాన్ని తిరిగి పంపడానికి మీరు ప్రయత్నించినట్టు కూడా చూపించాలి. ఊరికే "బాలేదు" అంటే కుదరదు.

ఆ రుజువులు ఈ రాత్రే తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఇలాంటి సైట్లు ఉన్నట్టుండి మాయమవుతాయి. ప్రకటన, దాన్ని పెట్టిన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పేరు, వెబ్‌సైట్ పూర్తి చిరునామా కనబడేలా పేజీ, చీరల ఫోటోలు, ధరలు, పేజీ అడుగున ఉన్న షాపు అడ్రస్, వాట్సాప్ సంభాషణ మొత్తం, ఈ 25 రూపాయల మెసేజ్. వాట్సాప్‌లో వాళ్లను బ్లాక్ చేసేముందు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఈమెయిల్‌కి పంపుకోండి. ఒక్కసారి మర్యాదగా "ఆర్డర్ రద్దు చేస్తున్నాను, డబ్బు వెనక్కి పంపండి" అని రాసి, ఆ తర్వాత వాళ్లతో మాట్లాడకండి. మీకు కోపం రావడం సహజం. కానీ తిట్లు, బెదిరింపులు రాస్తే ఫిర్యాదుకి జతచేసే చాట్‌లో అవీ కనబడతాయి.

మోసమేనా అని అడిగారు. మీరు పంపిన ఫోటోలో పేజీ అడుగున చిక్‌పేట అడ్రస్ ఉంది, పిన్‌కోడ్ 560037. చిక్‌పేట పిన్ 560053. 560037 మీరుండే మారతహళ్లిది! పక్కనే జీఎస్టీ నంబరు 07తో మొదలైంది. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. 07 ఢిల్లీది. బెంగళూరు చిక్‌పేటలోనే షాపు అని చెప్పుకుంటూ ఢిల్లీ నంబరు చూపించడానికి నిజాయితీ ఉన్న కారణాలు ఒకటీ అరా ఉండొచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో ఆ పదిహేను అక్షరాల నంబరు కొట్టి చూడండి, ఎవరి పేరు మీద, ఏ వ్యాపారానికి ఉందో వస్తుంది. ఎక్కడో హార్డ్‌వేర్ షాపు నంబరు ఎత్తుకొచ్చి పెట్టిన సైట్లు నేను చూశాను.

దీనికితోడు మన దేశంలో ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫోన్, ఫిర్యాదుల అధికారి పేరు సైట్‌లో పెట్టి తీరాలని 2020 ఈ-కామర్స్ నియమాలు చెప్తున్నాయి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. మీరు కొన్న సైట్‌లో ఆ తప్పుడు అడ్రస్, ఆ జీఎస్టీ నంబరు, ఒక్క వాట్సాప్ నంబరు తప్ప ఇంకేమీ లేవు. పిన్‌కోడ్, జీఎస్టీ, వ్యక్తి ఖాతా, కనబడని ట్రాకింగ్, పైగా 25 రూపాయల లింకు, ఇవన్నీ కలిపి చూస్తే ఇది ఆలస్యమైన షాపు కాదు, మోసమే. అసలు మంగళగిరి పట్టు మగ్గం మీద నేసే చీర. 1,499కి ఇస్తామన్నప్పుడే అది పట్టు కాదని అనుకోవాలి. మీది తప్పని అనడం లేదు. మన ఊరి నేత పేరు, మన భాషలో ప్రకటన కనబడితే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. వాళ్లు వాడుకుంటున్నదీ దాన్నే.

ఒకవేళ చిక్‌పేటలో ఆ పేరుతో నిజమైన షాపు ఉంటే, వాళ్ల పేరు ఎవరో దొంగిలించారని ఆ షాపుకి ఒక ఫోన్ చేసి చెప్పండి. నంబరు మాత్రం ఆ వెబ్‌సైట్ నుంచి తీసుకోకండి.

పార్శిల్ నిజంగా వచ్చినా ఊపిరి పీల్చుకోకండి. కొన్ని షాపులు కావాలనే ఏదో ఒక పాలిస్టర్ ముక్క పంపిస్తాయి. రికార్డులో "డెలివర్ అయింది" అని పడితే, తర్వాత మీది "వస్తువు రాలేదు" అనే ఫిర్యాదు కాకుండా నాణ్యత గొడవగా మారిపోతుంది. కాబట్టి పీజీ సెక్యూరిటీ అన్నకి చెప్పి ఉంచండి, మీరు లేనప్పుడు తీసుకోవద్దని. వస్తే తెరవక ముందే పైనున్న లేబుల్ స్పష్టంగా ఫోటో తీయండి, ఎవరు పంపారు, ఎక్కడి నుంచి, బరువెంత అన్నవి అందులో ఉంటాయి. తర్వాత కత్తిరించడం దగ్గర నుంచి లోపలి వస్తువు బయటికి తీసేదాకా ఆపకుండా వీడియో తీయండి. క్యాష్ ఆన్ డెలివరీ అంటూ మళ్లీ డబ్బు అడిగితే తీసుకోకుండా తిప్పి పంపండి. మీ పేరు, అడ్రస్ వాళ్ల దగ్గర ఉన్నాయి కాబట్టి ఆర్డర్ చేయని పార్శిల్స్ కూడా రావొచ్చు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలా అంటే, పోర్టల్ ఫిర్యాదు మీద వారం పది రోజుల్లో కదలిక లేకపోతే వెళ్లండి. బెంగళూరులో డివిజన్ల వారీగా సైబర్ నేరాల కోసం సీఈఎన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాల) పోలీస్ స్టేషన్లు ఉన్నాయి, మారతహళ్లి వైట్‌ఫీల్డ్ డివిజన్ కిందికి వస్తుంది. ఆధార్‌లో గుంటూరు అడ్రస్ ఉంది, ఇక్కడ తీసుకుంటారా అని అడిగారు. తీసుకుంటారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చని 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఉంది. కన్నడ రాకపోతే ఇంగ్లిష్‌లో ఒక పేజీ టైప్ చేసి తీసుకెళ్లండి, తేదీలు, యూటీఆర్, 1930 ఫిర్యాదు నంబరు వరుసగా ఉంటే చాలు. ఆపేసిన డబ్బు ఏ ఖాతాలోనైనా మిగిలి ఉంటే అది మీకు రావడానికి కొన్ని సందర్భాల్లో కోర్టు ఆదేశం కావాల్సి రావొచ్చు, అప్పుడు స్టేషన్‌తో ఈ పరిచయం పనికొస్తుంది.

అవతల నిజమైన కంపెనీ ఉండి, చెత్త వస్తువు పంపి డబ్బు ఇవ్వనంటే మాత్రం దారి వేరు. అప్పుడు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం షాపు సూరత్‌లో ఉన్నా మీరుండే ఊళ్లోనే, అంటే బెంగళూరులోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. మీ కేసులో పేరు, ఊరు తెలియని మోసగాడి మీద ఇది పెద్దగా ఉపయోగపడదు.

చివరగా, రాబోయే రెండు మూడు వారాలు మీకు ఫోన్లు ఎక్కువ రావొచ్చు. మీ నంబరు "ఒకసారి డబ్బు కట్టినవాళ్ల" జాబితాలోకి చేరింది. కస్టమర్ కేర్ అంటారు, రీఫండ్ విభాగం అంటారు, సైబర్ పోలీసులమంటారు, పోయిన డబ్బు తెప్పించే లాయర్లమని కూడా అంటారు. ముందు కొంచెం ఫీజు కట్టమంటారు, లేదా క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు వస్తుందంటారు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. మీ ఫోన్ స్క్రీన్‌ను అవతలివాళ్లకు చూపించే యాప్‌లు, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) ముట్టుకోకండి. కొరియర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి మొదట కనబడినదానికి ఫోన్ చేయకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన అలా చేసి, మొదట పోయినదానికి ఎన్నో రెట్లు పోగొట్టుకున్నారు. ఆ సైట్‌లో ఖాతా తెరిచినప్పుడు మీ ఈమెయిల్ పాస్‌వర్డే పెట్టి ఉంటే అదీ ఈరోజే మార్చేయండి.

అమ్మకి కూడా చెప్పండి. ఆర్డర్‌లో అమ్మ ఫోన్ నంబరు కూడా ఇచ్చానన్నారు కదా, ఆ 25 రూపాయల లింకు ఆవిడకీ వచ్చి ఉండొచ్చు. కూతురు కొన్న చీర కదా అని ఆవిడ కట్టేసే ప్రమాదం ఉంది.

ముందు కార్డు, వెంటనే 1930, ఆ తర్వాత బ్యాంకుకి ఈమెయిల్, ఈ వరుసలో చేయండి. ఓటీపీ మెసేజ్‌లో ఏ పేరు, ఎంత మొత్తం ఉందో, బ్యాంకు ఏమని జవాబిచ్చిందో రాయండి. ఓటీపీ, కార్డు నంబరు మాత్రం నాతో సహా ఎవరికీ పంపకండి. బ్యాంకు "మేమేం చేయలేం" అని ఒక్క లైనుతో మూసేస్తే ఆ లైను యథాతథంగా పెట్టండి, అంబుడ్స్‌మన్‌కి ఏమని రాయాలో కలిసి చూద్దాం.